వందకి ఎనభై రెండు

హలో… ఆ, నేనేనండీ, తాళాల షాపామెనే. చెప్పండి.

ఎవరూ?… పోలీసులా? ఏ స్టేషన్ బాబూ, పోస్టాఫీసు వెనకదా?… కాదా. మరి?…

ముందస్తు నివారణ విభాగం. టీకాలేసేవాళ్లనుకున్నా.

సర్లెండి, నవ్వను. చెప్పండి.

ఆ, నా తమ్ముడే. ఒక్కడే తమ్ముడు. నేను షాపులో కూర్చుని తాళంచెవులు కోస్తాను, వాడు ఇళ్లకెళ్లి తాళాలు బిగిస్తాడు. వాడికేమైనా అయిందా?… యాక్సిడెంటు కాదు కదా?… హమ్మయ్య.

మరేం చేశాడు?…

ఏమీ చెయ్యలేదా.

ఏమీ చెయ్యనివాడి గురించి ఈ ఫోనేంటి?…

ఆగండాగండి. మళ్లీ చెప్పండి, మెల్లిగా.

పదిహేను రోజుల్లోపు… దొంగతనం… చేసే అవకాశం… వందకి ఎనభై రెండు. మా వాడికా?

ఎవరు చెప్పారు?… కంప్యూటరా. అది వాణ్ణి చూసిందా?… చూడక్కర్లేదా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట.

కోపం కాదు బాబూ. సామెత.

దేన్నిబట్టి చెప్పింది?… చదవండి, వింటాను.

మిల్లు వీధి. వాడు రెండో తారీఖున వెళ్లాడు. తొమ్మిదిన అదే వీధిలో దొంగతనం. ఊఁ… స్కూలు వెనక వీధి. వాడు పన్నెండున వెళ్లాడు, పంతొమ్మిదిన దొంగతనం. ఊఁ… ఇంకా?… మొత్తం ఐదు వీధులు. ప్రతి ఇంటి తలుపు దగ్గరా పావుగంట, అరగంట నిలబడ్డాడా. నిలబడతాడు. కూర్చుని తాళం బిగించడం ఎవరి వల్లా కాదు.

ఒక మాట అడుగుతాను. మిల్లు వీధిలో రెండో తారీఖుకి ముందు ఏం జరిగింది?… మీ దగ్గర ఉంటుందిగా, చూడండి. ఆగుతాను.

…

అంతకుముందు నెల ముప్పయ్యో తారీఖున ఇంకో దొంగతనం. కదా? మూలింటి టీచరమ్మగారిల్లు. తలుపు పెకలించారు. ఆవిడ మాకు ఫోన్ చేసింది. ఆవిణ్ణి చూసి పక్కింటివాళ్లు, వాళ్లను చూసి ఎదురింటివాళ్లు. ఒక్కరోజులో ఏడు తాళాలు మార్చాడు. అరచేతుల నిండా బొబ్బలు.

దొంగలు వారం పది రోజుల్లో మళ్లీ ఆ వీధికే వస్తారు బాబూ. దారి తెలుసుగా. మా పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. ముందు దొంగతనం, తర్వాత మా వాడు, తర్వాత మళ్లీ దొంగతనం. మీ కంప్యూటర్, దొంగతనానికి ముందు వారం ఆ వీధిలో ఎవరు తిరిగారో చూస్తోంది. వాణ్ణి ఎవరు పిలిచారో, ఎందుకు పిలిచారో చూడట్లేదు. గొడుగులు బాగుచేసేవాడు వచ్చాకే వాన పడిందని వాడి మీద కేసు పెట్టినట్టుంది.

మీకూ అలాగే అనిపిస్తోందా?… అనిపించినా మార్చలేరా. ఆ పదిహేను రోజులూ వాణ్ణి లోపల కూర్చోబెట్టాల్సిందేనా. ఆర్డరు పైనుంచి వస్తుందా. పైన ఎవరున్నారు?… మీకూ తెలీదా.

— ఒక్క నిమిషం బాబూ, షాపులోకి మనిషొచ్చాడు. ఏం కావాలన్నా?… సబ్బు మీద అచ్చా? ఉహూఁ. తాళంచెవి తీసుకురా, లేదంటే తాళమే ఊడదీసి పట్రా. అచ్చు చూసి చెయ్యను… ఆఫీసు బీరువాదా? ఎవరిదైనా సరే. మా నాన్న లేచొచ్చి అడిగినా చెయ్యను. —

ఆ, చెప్పండి బాబూ.

విన్నారా… అనుమానించానా? అనుమానించానులెండి. అచ్చు తీసుకొచ్చేవాళ్లకి చెయ్యకపోవడం మా షాపు కట్టుబాటు. మీరూ అదే చేస్తున్నామంటారా?…

అదే ఎలా అవుతుంది? నేను పని చెయ్యనన్నాను. అతన్ని కుర్చీకి కట్టెయ్యలేదు. అదిగో, రోడ్డు దాటుతున్నాడు, నన్ను తిట్టుకుంటూ. ఆఫీసువాళ్లు తాళంచెవి బయటికివ్వరట, నిజమే కావచ్చు. సాయంత్రం తాళం ఊడదీసి తెస్తే చేసిస్తాను, ఏమనుకోకు అన్నా అంటాను. పదిహేను రోజుల తర్వాత మీరు మా వాడికి ఏమని చెప్తారు?…

కాగితమిస్తారా. ‘నిర్ధారణ కాలేదు’ అని. దాన్ని ఏం చేసుకోవాలి, పటం కట్టించుకోవాలా? దాంతో మర్నాడు ఎవరి తలుపైనా తడితే, తియ్యమనండి చూద్దాం. తాళాలవాణ్ణి దొంగతనం అనుమానం మీద పట్టుకెళ్లాక వాడికి ఇంకేం మిగుల్తుంది బాబూ?

…

మిల్లు వీధి ముసలావిడ సంగతా. తెలుసు. తొమ్మిదిన ఆ దొంగ తోసేస్తే తుంటి విరిగింది. ఆస్పత్రికెళ్లి చూసొచ్చాను… అది ఆపగలిగితే మంచిదే, కాదని ఎవరన్నారు? ఆ వీధి చివర దీపం ఆరు నెలల్నించీ వెలగట్లేదు. వెలిగించండి. ఇద్దరు మనుషుల్ని తిప్పండి. వీధికి కాపలా పెట్టండి. మీరు మా వాణ్ణి తీసుకెళ్లి కూర్చోబెడితే, ఆవిణ్ణి తోసినవాడు హాయిగా ఇంకో వీధి చూసుకుంటాడు.

ఇంకా ఏముంది? ఐదు వీధులకే ఎనభై రెండు రావుగా…

పాత ఫిర్యాదా. పదిహేనేళ్ల కిందటిదా. ఎవరిచ్చారో చదవండి… చదవండి బాబూ, మొహమాటమెందుకు.

ఆ. నేనే.

వాడికప్పుడు పంతొమ్మిదేళ్లు. నా స్కూటరు ఎత్తుకెళ్లి అమ్మేశాడు. స్టేషనుకి నడుచుకుంటూ వెళ్లాను, స్కూటరు లేదుగా మరి. నాలుగు నెలలు లోపలున్నాడు. ఆ నాలుగు నెలలూ అమ్మ నాకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. వాడు బయటికొచ్చిన రోజు గేటు దగ్గర నిలబడ్డది నేనే. మర్నాడు చేతిలో ఆకురాయి పెట్టి, కూర్చో, అరగదియ్యి అన్నాను. ఇప్పటిదాకా అరగదీస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు చెప్పండి, తమ్ముడని వెనకేసుకొస్తున్నానా?…

జరిగింది కాబట్టి రాసిచ్చాను. దానికి శిక్ష పడింది, అయిపోయింది. జరగబోయేదానికి అదే కాగితం చూపిస్తారని తెలిస్తే… తెలిస్తే ఏం చేసేదాన్నో నాకూ తెలీదు. స్కూటరు పోతే పోయిందనుకునేదాన్నేమో. మీ వల్ల రేపట్నించి ఏ అక్కా తమ్ముడి మీద నిజం రాసివ్వదు. అది ఎక్కించండి మీ కంప్యూటర్లో.

…

సరే. నన్నేం చెయ్యమంటారు?… సంతకం. కుటుంబ సమ్మతి పత్రం మీద. అందులో ఏముంటుంది?… పేరు, వయసు, చిరునామా, చేసిన నేరం — ఆగండి. ఆ గడిలో ఏం రాశారు?…

గీత పెట్టారా.

గీతకి పదిహేను రోజులా బాబూ? పెట్టను. సంతకం పెట్టను. నిరాకరించింది అని రాసుకోండి. పెద్దక్షరాలతో రాయండి.

ఇంకోటేంటి?… వాణ్ణి షాపుకి రమ్మనాలా. సంగతి చెప్పకుండా. ఏదో పనుందని పిలిస్తే… మీ బండి సందు మొదట్లో ఉంటుంది. రభస లేకుండా, వాడి మర్యాద కోసమే. ఎంత దయ!

అక్క పిలిస్తే వస్తాడని కూడా కంప్యూటరే చెప్పిందా?… అది మాత్రం నిజం. ఎక్కడున్నా, ఏ పనిలో ఉన్నా వస్తాడు. ఎందుకని కూడా అడగడు. అందుకే పిలవను.

…

ఏంటీ?… వాడికి ముందే చెప్పడం నేరమా? ఎవరికి నేరం?… నాకా. ఎంత?… రెండేళ్ల దాకా.

ఊఁ.

భయమెందుకుండదు? ఉంది. ఇందాకట్నుంచీ పట్టుకున్న తాళంచెవి బల్ల మీద పెట్టేశాను. అయినా ఒకటి చూసి చెప్పండి. నేను వాడికి చెప్పేస్తానని మీ దగ్గర ఎంతుంది?… నాకూ ఒక లెక్క ఉంటుందిగా. చూడండి, తొందరేం లేదు.

…

పన్నెండా? వందకి పన్నెండేనా?

సొంత తమ్ముడి మీద కేసు పెట్టింది కాబట్టి చెప్పదనా. సరిపోయింది.

అమ్మా అని పిలుస్తున్నారు, మర్యాదగా మాట్లాడారు, మీ మీద నాకేం కోపం లేదు. గోడ మీద గడియారం ఉందా అక్కడ?… పదకొండూ ఇరవై. ఇక్కడా అంతే. మీ కాగితం మీద వెయ్యండి. పదకొండూ ఇరవై ఒకటికి వాడికి ఫోన్ చేస్తాను. మీరన్నదంతా చెప్తాను. వస్తే ఇద్దరం ఈ బల్ల దగ్గరే కూర్చుంటాం, పట్టపగలు, షట్టర్ ఎత్తి, వీధంతా చూస్తుండగా. రండి. ఇద్దరికీ చోటుండే బండి తెండి.

లేదు బాబూ, బతిమాలకండి… వద్దు. ఇంకా చెయ్యలేదుగా? చేశాక పట్టుకోండి.

పెట్టేస్తున్నా.