కుప్పకు తూర్పు మూల

మూతపడిన విద్యుత్ కేంద్రం వెనక బొగ్గు యార్డు. ఉదయం ఎనిమిది. యార్డు చూసుకునే పెద్దాయన, ఎనిమిది నెలల్లో మొదటిసారి, ఇంకో మనిషి కోసం కుర్చీ తుడుస్తున్నాడు. వచ్చినావిడ బాయిలర్ ఇంజినీరు.

"అటు కాదమ్మా, ఇటు కూర్చోండి. ఆ కుర్చీకి ఒక కాలు ఊడొస్తుంది."

"కూర్చోడానికి రాలేదు పెద్దాయనా. పదింటికి లోడర్లొస్తాయి. పదకొండుకి బాయిలర్‌కి బొగ్గు మోసే బెల్టు తిరగాలి. రాత్రి నుంచి ఆయిల్ పోసి బాయిలర్ కాగబెడుతున్నాం."

"అదా సంగతి! తెల్లారి లేచి చూద్దును కదా, పొగగొట్టంలోంచి పొగ. కలేమో అనుకుని మళ్లీ పడుకున్నాను."

"కల కాదు. నాలుగు రోజులుగా గాలి లేదు. గాలిమర ఒక్కటీ తిరగట్లేదు, పైన చూస్తే మబ్బు. దేశంలో మూలనపడేసిన బొగ్గు యూనిట్లన్నీ లేపమన్నారు."

"అంటే గాలి వీచినన్నాళ్లూ మేం గుర్తు రాలేదన్నమాట."

"మీరేం, నేను మాత్రం గుర్తొచ్చానా? ఎనిమిది నెలలు ఓ గదిలో కూర్చోబెట్టి పాత ఫైళ్లు చదవమన్నారు."

"ఊరుకోండమ్మా, గొడుగులు అమ్మినవాణ్ణి, నాకు తెలీదా. ఎండాకాలమంతా అటక మీద దుమ్ము కొట్టుకుపోయేవి. తొలి చినుకు పడగానే ఒక్కొక్కడూ పరిగెత్తుకొచ్చి, గొడుగు లేకపోతే ఇదేం కొట్టయ్యా అని నన్నే తిట్టేవాడు."

"మీకు కొట్టుండేదా?"

"ఇక్కడి గని కాలనీ గేటు పక్కన. పదిహేడేళ్లు. గని మూశారు, జనం సర్దుకున్నారు. సరుకుంది, కొనే మనిషి లేడు. అప్పుడే యార్డుకి మనిషి కావాలన్నారు. సరుకు పాడవకుండా చూడటమేగా, చేసిన పనే కదా అని వచ్చేశాను. వేడి చూడ్డానికి కుప్పలో చువ్వలు గుచ్చనా?"

"గుచ్చండి. ఎన్ని?"

"ఐదు. పడమర వైపు రెండు, నడుమ ఒకటి, దక్షిణం రెండు."

"తూర్పున?"

"అటు బురదమ్మా. కాళ్లు దిగబడతాయి."

"నాకు బూట్లున్నాయి."

"ముందు ఇవి కానీండి. ఇదిగో, ఇంత లోతు దించాలి, రెండు నిలువులు. అరగంట వదిలెయ్యాలి. తర్వాత లాగి కొన చేత్తో పట్టుకుని లెక్కపెట్టాలి. పది దాకా పట్టుకోగలిగితే చల్లన. ఐదుకే వదిలేశామంటే లోపల ఉడుకుతున్నట్టు."

"థర్మామీటర్ ఇచ్చారుగా?"

"రెండో నెల్లో పాడైంది. రాశాను కూడా, ఇంకోటి పంపమని. కుప్ప ఎలా ఉందో వారం వారం రాసి పంపే నా కవర్లు చూసే ఉంటారుగా?"

"అవీ తెచ్చాను. ఈ సంచిలో ఉన్నాయి. స్టోరు గది తాళం తీయించి మరీ తీసుకొచ్చాను."

"అయితే... చదివారా?"

"ముందు చువ్వలు చూద్దాం పెద్దాయనా."

"చదివే ఉంటార్లెండి."

"కుప్ప మొత్తం ఎంతుంటుంది?"

"పదిహేను వేల టన్నులు. కొంచెం అటూ ఇటూ. ఎన్ని రోజులొస్తుంది మీకు?"

"మూడు."

"మూడు నెలలా?"

"మూడు రోజులు."

"ఎనిమిది నెలలు పసిపిల్లని సాకినట్టు సాకాను. మూడు రోజులా."

"యూనిట్ తిండి అంతుంటుంది మరి. మీ బొగ్గులో సగం నీళ్లే. నల్లబొగ్గయితే ఇందులో సగం సరిపోయేది."

"నల్లబొగ్గుకేమమ్మా, ఓడెక్కి ఏ దేశమైనా పోతుంది. కాగితాల్లో దీన్ని లిగ్నైట్ అంటారు, మేం మట్టిబొగ్గంటాం. తవ్విన చోటే కాల్చుకోవాలి. మోసుకెళితే నీళ్లకి కిరాయి కట్టినట్టు. దాచిపెడదామా అంటే తనంతట తనే అంటుకుంటుంది. అమ్ముకోడానికి లేదు, దాచుకోడానికి లేదు. వ్యాపారస్తుడెవడూ ముట్టని సరుకు. అయినా ముప్పై ఏళ్లు ఈ దేశంలో సగం ఇళ్లు దీంతోనే వెలిగాయి. ఎందుకో చెప్పండి?"

"ఎందుకు?"

"మన పెరట్లో ఉంది కాబట్టి. ఎవడి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు కాబట్టి."

"మా డైరెక్టరు ఇదే మాట చెప్పడానికి ముప్పై పేజీలు రాశాడు."

"ఆయనకి కొట్టు లేదుగా."

"మీతో బాగా కాలక్షేపం అవుతుంది పెద్దాయనా. ఒక్కరే ఉంటారా ఇక్కడ?"

"ఒక్కడినే. కాలనీలో ఎనభై ఇళ్లు, ఒకదాంట్లోనే దీపం. సోమవారం సోమవారం వ్యాను డ్రైవరొస్తాడు. బండి దిగడు. కవరిస్తాను. ఎలా ఉందంటాడు. వేడిగా ఉందంటాను. పోతాడు. వారానికి అవే మాటలు."

"ఇంట్లోవాళ్లు?"

"మా ఆవిడ వాళ్ల చెల్లెలింట్లో ఉంది. ఒకటే గది. వాళ్లు ముగ్గురు, ఈవిడ నాలుగు. నేను కూడా వెళ్తే అయిదు. మంచం వేయడానికి చోటు లేదు. పోనీ కింద పడుకుంటాననుకోండి, పొద్దున లేచి ఏం చెయ్యను? తోడల్లుడు పనికెళ్తుంటే గుమ్మంలో నిలబడి టాటా చెప్పనా?"

"అందుకని ఇక్కడే ఉండిపోయారు."

"ఉండనిచ్చారు. వేరే మాట లేదు, చేరిన రోజే చెప్పారు. కుప్ప చల్లగా ఉంటే గేటుకి తాళమేసి వెళ్లిపో, వేడున్నన్నాళ్లూ మనిషుండాలి అని."

"ఆహా."

"ఆహా అంటే ఏంటమ్మా?"

"ఏం లేదు. అరగంటయింది, లాగుదామా?"

"లాగండి. గుడ్డతో పట్టుకోండి, చివర మాత్రం చెయ్యి. ఆఁ, లెక్కపెట్టండి."

"...ఎనిమిది, తొమ్మిది, పది. చల్లగా ఉంది. రెండోది... పది. ఇదీ అంతే. నడిమిది చూడండి, మంచినీళ్ల కుండలా ఉంది."

"చల్లనేనమ్మా. నొక్కి పెట్టానుగా. బుల్‌డోజరు బ్యాటరీ పోయేదాకా అదే తొక్కింది. తర్వాత నేనే పలకతో కొట్టాను. గాలి చొరబడితేనే అంటుకునేది."

"నాలుగూ చల్లనే. ఐదూ చల్లనే. పెద్దాయనా, డ్రైవరుకి వారం వారం వేడిగా ఉందని చెప్పానన్నారే?"

"వాడితో ఏదో ఒకటి అనాలిగా."

"సరే, మంచిదేగా నాకు. ఇక్కడ సంతకం పెట్టండి. 'కుప్ప మొత్తం చల్లగా ఉంది, బెల్టు మీద వేయొచ్చు' అని. యార్డు మనిషి సంతకం లేనిదే బెల్టు తిప్పరు."

"కళ్లజోడు లోపలుంది."

"జేబులో ఉంది."

"ఆఁ... అవునే. ఏమ్మా, లోడర్లు ఎటు నుంచి తవ్వుతాయి?"

"తూర్పు నుంచి. రోడ్డు అటే ఉందిగా."

"పడమర నుంచి తవ్వమనండి."

"ఎందుకు? బురదనా?"

"బురద కాదు."

"మరేంటి? లోడర్లొచ్చే టైమైంది పెద్దాయనా."

"ఒకవేళ... ఒకవేళ వేడిబొగ్గు బెల్టు మీద పడితే ఏమవుతుంది?"

"రబ్బరు బెల్టు. అంటుకుంటుంది. ఉన్నది ఒక్కటే, స్పేరు లేదు. అది పోతే ఈ యూనిట్ లేవదు. సాయంత్రానికి సగం జిల్లాలో ఆసుపత్రులతో సహా చీకటి. ఎందుకడుగుతున్నారు?"

"మనుషులు కూడా ఉంటారా బెల్టు దగ్గర?"

"ఇద్దరుంటారు. పెద్దాయనా, నా వైపు చూసి చెప్పండి. తూర్పున ఏముంది?"

"చువ్వ తీసుకోండి. రండి. బురదా గిరదా ఏం లేదు, పొడిగానే ఉంటుంది. ఇక్కడ. ఊరికే ఆనించండి, దానంతటదే దిగుతుంది."

"ఇంత గుల్లగా ఉందేంటి? ఇవేంటి, కన్నాలా? గునపంతో... ఎవరు పొడిచారివి?"

"ఇంకో మనిషున్నాడా ఇక్కడ?"

"అరగంట కూడా కాలేదు, చువ్వ పట్టుకోలేకపోతున్నాను. రెండుకే వదిలేశాను!"

"నిన్న మూడు దాకా ఆగింది. ఇవాళ పెరిగింది."

"మీరు... కావాలనే?"

"కావాలనే. మొదటి వారం నిజంగానే చల్లగా ఉంది. రాయబోయాను. పెన్ను ఆగిపోయింది. చల్లన అని రాస్తే సోమవారం కవరు, మంగళవారం తాళం, బుధవారం తోడల్లుడి గుమ్మం. అబద్ధం రాయడానికీ చెయ్యి రాలేదు. పదిహేడేళ్లలో తూకం తప్పనివాణ్ణి. అందుకని గునపం తీసుకుని నాలుగు కన్నాలు వేశాను. వారానికి వేడెక్కింది. అప్పుడు వేడి అని రాశాను. నిజమే రాశాను."

"నిజమా ఇది!"

"ఎక్కువైతే నీళ్లు పోసేవాణ్ణి, తగ్గితే ఇంకో కన్నం. గట్టు దాటనివ్వలేదు, ఒట్టు. ఒక్క మూలే. చుట్టూ ఇసక కట్ట కట్టాను, చూడండి."

"ఎన్ని టన్నులు?"

"మూడొందలుంటుంది. నా మాట వినండి. పడమర నుంచి మొదలుపెట్టించండి, అది శుద్ధంగా ఉంది. ఈ మూలకి లోడరొకటి విడిగా ఇవ్వండి. పల్చగా పరిచి, తడిపి, రెండు రోజులు ఆరనిస్తే మూడోరోజు ఇదీ పనికొస్తుంది. నేనే నిలబడి చేయిస్తాను. తర్వాత మీరేం రాసుకున్నా సరే. కాగితం ఇవ్వండి, సంతకం పెడతాను. 'తూర్పు మూల తప్ప' అని ముందు రాయండి."

"రాశాను."

"ఇదిగో. మీరొచ్చినప్పటి నుంచీ ఒకటే అనుమానమమ్మా. కవర్లు తెచ్చానన్నారు, చదివారా అంటే మాట దాటేశారు. పట్టేశారు, నా నోటితో చెప్పించాలని చూస్తున్నారనుకున్నాను. తెలివైనవాళ్లు మీరు."

"అంత తెలివి లేదు పెద్దాయనా."

"ఏవి ఆ కవర్లు? ఇలా ఇవ్వండి. పోయిన వారంది చూపిస్తాను, ఎంత వేడుందో అందులో సరిగ్గా రాశాను. పరిచేటప్పుడు మీకు పనికొస్తుంది."

"వద్దులెండి. నోటితో చెప్పండి."

"రాసిందుండగా నోటిమాటెందుకమ్మా? సంచిలో ఉన్నాయిగా, ఇదిగో... ముప్పై నాలుగూ ఉన్నాయి. వరసలోనే ఉన్నాయి. ఇదేంటి... ఇది అంటించినట్టే ఉంది. ఇదీ అంతే. ఇంజినీరమ్మా, ఇది నేను అన్నం మెతుకుతో అంటించింది, మెతుకు ఇంకా అలాగే ఉంది."

"ఇలా ఇచ్చేయండి పెద్దాయనా."

"ఎవరూ విప్పలేదా? ఒక్కటీ?"

"యార్డు లెక్కలు చూసే సెక్షను మీరు చేరిన నెల్లోనే ఎత్తేశారు. డ్రైవరు తెచ్చి స్టోరు గది కిటికీలోంచి లోపల పడేసేవాడట."

"మరి నేను వేడుందని రాయకపోతే... చల్లన అని రాసినా... ఆగండి, ఆగండి. ఇన్నాళ్లూ నన్నిక్కడ ఉంచిందెవరమ్మా?"

"ఎవరూ ఉంచలేదు పెద్దాయనా. పంపేయడం మర్చిపోయారు."