పులి మెడల కెర్నల్

“నన్నా? నన్ను అడుగుతున్నరా టీచరమ్మా, సరైన కెర్నల్ పెట్టినవా అని?”

జయరాజ్ టీ గ్లాసును బల్ల మీద ఠక్కున పెట్టిండు. ఏన్కూరు సెంటర్ల రాందాస్ హోటల్ బెంచీల మీద కూసున్నోళ్ళంత ఇటు తిరిగిన్రు.

“విన్నవా రాందాసూ? కంప్యూటర్ జయరాజ్‌ను పట్టుకొని అడిగే మాటేనా ఇది? తాతకు దగ్గులు నేర్పినట్టు లేదా?”

సరిత టీచర్ కూసోలే, నిలబడే ఉంది. ఆమె బడి ఇక్కడికి దూరంగ, అడవి అంచున ఉన్న గూడెంల. పట్నం ట్రస్టోళ్ళు ఆ బడికి వాడిన కంప్యూటర్లు ఇచ్చిన్రు. నిన్న జయరాజే పోయి అన్నిట్ల సిస్టం ఎక్కించి వచ్చిండు. ఇయ్యాల పొద్దుగాల చూస్తే సగం లేస్తలేవు. రేపు ట్రస్టోళ్ళు చూడనీకి వస్తున్నరు. నడవని మిషన్లు ఎత్తుకపోయి పెనుబల్లి దిక్కు ఇంకో బడికి ఇస్తమని ముందే చెప్పిన్రు.

“నిన్ను తప్పు పడ్తలేనన్నా,” అన్నది సరిత. “స్విచ్చెయ్యంగనే నల్ల తెర మీద ఒక్క లైను వస్తుంది. ఈ కెర్నల్ ఈ ప్రాసెసర్ మీద నడవదు, దీనికి తగ్గది పెట్టుకోండి అని. పిల్లలు పొద్దటి నుంచి ఆ మిషన్ల ముందల్నే కూసున్నరు. జర వచ్చి చూడు. బస్సొచ్చే యాళ్ళయింది.”

“తెర మీద వచ్చిందల్లా నిజమైతదా? నేను ఎక్కించినంక నడవదు అని అనేటందుకు దానికెంత ధైర్యం! కూసోండి టీచరమ్మా. నేనెవరో ఈ ఊరికి ఇంకా తెల్వలే. ఇయ్యాల తెలుస్తది.”

బెంచీ మూల నుంచి పిచ్చయ్య దగ్గిండు. బొగ్గు బాయిల పనిజేసి రిటైరైన మనిషి. పొద్దున పేపరు, పగటీలి జయరాజ్ మాటలు, ఈ రెండు లేంది ఆయనకు దినం గడవదు.

“అసలు కెర్నలంటే ఏంది అల్లుడా?”

“గట్ల అడుగు మామా, తెల్వనోడు తెల్వదని అడిగితే నాకు కోపం రాదు. మిషనుకు డ్రైవర్ అసుంటోడు. లోపల ఇనుము, బయట మనం, నడుమ వాడు. వాడు లేకుంటే మీట నొక్కినా మిషను కదలదు. ఒక్కో జాతి మిషనుకు ఒక్కో కెర్నల్. సిస్టం ఎక్కించే ఇన్‌స్టాలర్ల అన్నీ వరుసగ చూపెడ్తది, మనం ఒకటి ఎంచుకోవాలె. ఇగ నేనెట్ల ఎంచుతనో విను. నేలకొండపల్లిల హరిప్రసాద్‌కు ఫొటో స్టూడియో ఉంది గదా, నిండు పెండ్లిళ్ళ టైముల వాని సిస్టం పడుకున్నది, పెండ్లి పిల్ల తండ్రి ఆల్బమేది ఆల్బమేది అని షాపు ముందల తిష్టేసిండు, నేను పోయి పెన్‌డ్రైవ్ గుచ్చిన. ఇన్‌స్టాలర్ వచ్చింది. భాష అడిగింది, చెప్పిన. టైము అడిగింది, చెప్పిన. ఇగ కెర్నళ్ళ పేర్లు చూపెట్టింది. కింద సన్నటి అక్షరాలతోటి ఏం రాసిందో ఎరికేనా?”

“ఏం రాసింది?”

“‘తెల్వకుంటే పైన ఉన్నదే ఎంచుకోండి’ అని! తెల్వకుంటేనట! ఎవనికి తెల్వదు? నాకు తెల్వదా? నాకు రక్తం మసిలింది మామా. పెండ్లి పిల్ల తండ్రి ముందల నా ఇజ్జత్ తీసింది. పైన ఉన్నది ఛస్తే ముట్టనని, కిందికి పోయి అన్నిట్లకెళ్ళి పెద్ద నంబరు పట్టుకున్న. అరవై నాలుగు బిట్లది! ముప్పై రెండు పెద్దదా, అరవై నాలుగు పెద్దదా? మీ బాయిల చిన్న డంపర్ ఎక్కువ బొగ్గు మోస్తదా, పెద్ద డంపరా?”

“పెద్దదే.”

“అయిపాయె! చదువుకున్నోళ్ళకు ఈ ముక్క ఎక్కదు. ఎక్కించిన. సిస్టం ఎట్ల లేచిందంటే, ఫొటోల కండ్లు మూసుకున్నోళ్ళు గూడ కండ్లు తెరిచిన్రు. హరిప్రసాద్ నా చేతులు పట్టుకొని ఏడ్చిండు.”

“ఏడ్చింది ఎందుకో,” అన్నడు రాందాస్ పాలు తిరగబోస్తా.

“సంతోషానికి రా! నువ్వు టీ చూసుకో.” జయరాజ్ సరిత దిక్కు తిరిగిండు. “అది చిన్న పని. చెప్పుకోవాల్సింది గూడ కాదు. పెనుబల్లిల వెంకటరామారావు గారి పామాయిల్ తోట ఉన్నది చూడు, ఆడ మోటరుకు అరచెయ్యంత బోర్డు పెట్టిన్రు, నీళ్ళు ఎప్పుడు ఇడవాల్నో అదే చూసుకుంటది. అది ఫోన్ల జాతి, మన బల్ల మీది సిస్టముల జాతి కాదు. పెద్ద పెద్ద ఇంజనీర్లొచ్చి దీనికి వేరే కెర్నల్ కావాలె, దొరకాలంటే టైము పడ్తదని చెప్పి పోయిన్రు. నేను పోయిన. పెన్‌డ్రైవ్ గుచ్చిన. ఇన్‌స్టాలర్ మల్ల మొదలుపెట్టింది, ఈ కెర్నల్ ఈ జాతికి కాదు అని. నాకు మండింది. ఏయ్, జాతి గీతి నా ముందల మాట్లాడకు, మా పాస్టరయ్య ఆదివారం ఆదివారం అందరూ ఒక్కటే అని మైకుల చెప్తుంటే నీకు ఇనపడలేదా అన్న. అంతే, నోరు మూసుకొని ఎక్కించుకున్నది.”

“అరవై నాలుగేనా?” అన్నడు పిచ్చయ్య.

“మరి? చిన్నదెందుకు పెడ్త? ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మోటరు లేచింది. లేచింది గని ఆగదే! ఆ బోర్ల నీళ్ళయిపోయినయి, పక్క తోట బోరువి గుంజింది, అవి గూడ అయిపోతే సత్తుపల్లి చెరువుకు పెట్టింది మూతి. పామాయిల్ చెట్ల మొదట్ల డ్రిప్పు పైపులు ఉంటయి చూడు, ఆ సన్న బెజ్జాలకెళ్ళి చేపలు చుక్కచుక్కగ రాలినయి మామా!”

“చేపలా?”

“కొర్రమీన్లు! దేవుని తోడు. ఆ ఊర్ల వారమంత చేపల కూరే. అయినా నాకు ఒక్కరన్న థాంక్స్ చెప్పిన్రా? లే! మోటరు ఎట్ల ఆపాలె జయరాజూ అని ఫోన్లు! మంచికి పోతే గిట్లనే ఉంటది.”

సరిత రోడ్డు దిక్కు చూసింది. బస్సు జాడ లేదు. “అన్నా, మా బడిల మిషన్లు...”

“అక్కడికే వస్తున్న టీచరమ్మా. నడుమల అందుకోకండి. పులి సంగతి చెప్పకుంటే మీకు అర్థం గాదు.”

“పులా?” ఈసారి పేపరు మడిచి పక్కకు పెట్టిండు పిచ్చయ్య.

“కిన్నెరసాని అడవిల తిరిగే పులి. దాని మెడకు పట్టీ ఉంటది, పులి యాడ తిరుగుతుందో ఆ పట్టీ చెప్పాలె. పట్టీల సిస్టం పోయింది. పులి యాడుందో ఎవ్వరికీ ఎరికలే, ఊర్లల్ల జనం బయటికి వచ్చుడు బంద్. పట్నం నుంచి సార్లొచ్చిన్రు, జీపు దిగుతలేరు. ఇగ దిక్కు లేక నాకు ఫోన్ చేసిన్రు. నేను పెన్‌డ్రైవ్ జేబుల ఏసుకొని, కీబోర్డు సంకల పెట్టుకొని ఒక్కణ్ణే పోయిన. వాగు ఒడ్డున పండుకొని ఉంది. లెవ్వమన్న. లేచింది. మెడ వంచమన్న. వంచింది.”

“కరవలేదా?”

“కరిచే ముందల ఇన్‌స్టాలర్ వచ్చింది గదా! అది ఊకుంటదా, ఈ మిషన్ జాతి తెల్వదు, ఎంచుకోండి అన్నది. నేను పులి మొకం చూసిన, పులి నా మొకం చూసింది. పులే తల ఊపింది, పెద్దదే పెట్టు అన్నట్టు. అడవి జంతువుకున్న తెలివి ఈ ఇన్‌స్టాలర్‌కు లేదు చూడు! ఎక్కుతుంది, ఎక్కుతుంది, సగంల ఆగింది. పులికి ఓపిక పోయి గుర్రుమన్నది. ఊకో, అప్‌డేట్ అవుతుంది అన్న. మల్ల మాట్లాడలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పులి ఇప్పుడు పొద్దున పదింటికి అడవిలకు పోతది, సాయంత్రం అయిదింటికి వచ్చి వాగు కాడ కూసుంటది. రోడ్డు దాటేటప్పుడు ఇటు చూసి అటు చూసి దాటుతది. ఆదివారం సెలవు.”

“అయితే ఆదివారం మేకలను ఇడిచిపెట్టొచ్చు,” అన్నడు రాందాస్. బెంచీల మీద నవ్వులు లేచినయి.

“నవ్వుతరా? నవ్వండి! గోదారి కాడ నవ్వినోళ్ళు ఇప్పుడు భద్రాచలంల నన్ను చూస్తే లేచి నిలబడ్తరు.” జయరాజ్ లేచి నిలబడ్డడు. మెడ నరాలు ఉబ్బినయి. “పోయిన వరదల్ల సైరన్ మిషను పనిజెయ్యలే. పోయిన. సైరన్‌కు పెట్టేదేంది, ఏకంగ గోదారికే పెడ్త అన్న. ఏ మిషను అని అడిగింది ఇన్‌స్టాలర్. గోదారి అని కొట్టిన. అంత పెద్దదానికి అరవై నాలుగు యాడ సరిపోతది? లిస్టుల అంతకంటే పెద్దది లేదు. లేకుంటే నేనాగుతనా? అక్కడికక్కడ, వానల తడుసుకుంట, సొంతంగ వెయ్యి బిట్ల కెర్నల్ రాసిన! ఎక్కించిన. గోదారి రెండో ప్రమాద హెచ్చరిక గీత కాడికి వచ్చి ఠక్కున ఆగింది. నీళ్ళ మీద అక్షరాలు లేచినయి మామా, ఇంకా పైకి రావాల్నా, అవునా కాదా అని. కాదు అని నొక్కిన. ఎనక్కి పోయింది! రాజమండ్రోళ్ళు ఫోన్ చేసిన్రు, మా నీళ్ళేవయ్యా జయరాజూ అని. ఇంత చేస్తే ఒక్క శాలువ కప్పిన్రా? ఒక్క దండేసిన్రా? మీద మీదికెళ్ళి ఇయ్యాల టీచరమ్మ వచ్చి, అన్నా సరైందే పెట్టినవా అని నడి సెంటర్ల అడుగుతది! నాకు కడుపు మండదా?”

“మాటలు కోటలు దాటుతున్నయి అల్లుడా,” అన్నడు పిచ్చయ్య. “టీచరమ్మ అడిగిందానికి జవాబు చెప్పు. ఏ మిషనుకు ఏది పెట్టాల్నో నీకెట్ల తెలుస్తది?”

“ఇప్పుడు నేను చూసుడే మానేసిన మామా. చూడాల్సిన పని లేదు. చెయ్యి పెడ్త. అరచెయ్యి పెడితే చాలు, లోపల ఏ జాతి ప్రాసెసరున్నది, దానికి ఏ కెర్నల్ కావాలె, నాకు ఇక్కడ తెలుస్తది.” గుండె మీద కొట్టుకున్నడు. “తెరిచి చూసుడు, పేరు చదువుడు, అవన్నీ నేర్చుకునేటోళ్ళకు.”

అప్పుడే ఖమ్మం దిక్కు నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. ఆటోవాలా అట్టపెట్టె ఒకటి దించి, రాందాస్ బల్ల మీద పెట్టి, జల్దీ ఉందని పోయిండు. నాలుగు దిక్కుల టేపు చుట్టిన పెట్టె. రాందాస్ కత్తి అందుకున్నడు.

సరిత గబుక్కున వచ్చి పెట్టె మీద చెయ్యేసింది. “ఆగు రాందాసన్నా. జయరాజన్నా, మా బడికి ఇంకో సిస్టం పంపుతమన్నరు, ఇగో వచ్చింది. దీనికి ఏ కెర్నల్ పెట్టాల్నో చెప్పు. నువ్వు చెప్పిందే పెడదాం.”

రాందాస్ నోరు తెరిచిండు, టీచర్ మొకం చూసి మూసుకున్నడు.

జయరాజ్ చొక్కా చేతులు పైకి మడిచిండు. పెట్టె మీద అరచెయ్యి ఆనిచ్చి కండ్లు మూసిండు. చెవి ఆనిచ్చిండు. ఒకసారి వేలితో తట్టిండు.

“అబ్బ! ఏం మిషన్ పంపిన్రు టీచరమ్మా! కొత్త జాతి. వేడి తగుల్తుంది చూడండి, లోపల ప్రాసెసర్ ఎగిరెగిరి పడ్తుంది. దీనికి అనుమానం లేకుంట అరవై నాలుగే. ఇంకోటి పెడితే నా పేరు జయరాజే కాదు.”

“పక్కానా అన్నా?”

“ప్రభువు తోడు.”

“తెరువు రాందాసన్నా.”

కత్తి టేపు మీద సర్రుమన్నది. లోపల రాందాస్ హోటల్‌కు వచ్చిన ఉస్మానియా బిస్కెట్లు. పొరలు పొరలుగ పేర్చి, నడుమ కాగితాలు పెట్టి ఉన్నయి. పిచ్చయ్య ఒకటి తీసుకొని టీల ముంచి నోట్ల పెట్టుకున్నడు.

“అరవై నాలుగు బాగుంది అల్లుడా,” అన్నడు. “జర ఉప్పు ఎక్కువైంది.”

నవ్వులకు రోడ్డవతల పండ్ల బండోడు గూడ ఇటు చూసిండు.

“అట్ల కాదు మామా,” అన్నడు జయరాజ్, చెయ్యి ఇంకా పెట్టె మీది నుంచి తియ్యలే. “బిస్కెట్లు కాల్చే పొయ్యి ఉంటది గదా, దాంట్ల మిషనుంటది, ఆ వేడి...”

అందరూ నవ్విన్రు గని సరిత నవ్వలే. ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, కోపంతోటి.

“పులి నీ మాట విన్నదో లేదో నేనడగనన్నా. గోదారి ఎనక్కి పోయిందో లేదో నాకు పనిలేదు. నిన్న నా బడిల పొద్దుగూకే దాక ఉన్నవు. పాతవి ఉన్నయి, కొత్తవి ఉన్నయి, అరచెయ్యంత బోర్డులున్నయి. అన్నిట్లకు ఆ అరవై నాలుగే పెట్టినవు, ఒక్కటన్నా తెరిచి చూసినవా? నా పిల్లలు ఆ మిషన్లను చీర గుడ్డతోటి తుడిచి పెట్టుకున్నరు. రేపు ట్రస్టోళ్ళొచ్చి వాళ్ళ ముందల్నే ఎత్తుకపోతరు. ఎందుకు తీసుకపోతున్నరు టీచరమ్మా అని వాళ్ళడిగితే నేను చెప్పలేను. నువ్వొచ్చి చెప్పు. ఈ పులి కథనే చెప్పు.”

బస్సు హారన్ కొట్టుకుంట మలుపు తిరిగింది. సరిత సంచి భుజానికేసుకొని రోడ్డు మీదికి నడిచి, చెయ్యెత్తి బస్సు ఆపింది. మెట్టెక్కి ఎనక్కి తిరిగి చూసింది.

జయరాజ్ పెన్‌డ్రైవ్ జేబుల ఏసుకున్నడు. రెండడుగులు బస్సు దిక్కు ఏసి ఆగిండు. మల్ల బల్ల కాడికి వచ్చి, ఎవ్వరికీ ఇనపడకుండ రాందాస్ చెవి కాడికి వంగిండు.

“రాందాసూ... నీ కాడ స్క్రూడ్రైవర్ ఏమన్న ఉందా?”