తొమ్మిదో బెల్టు

కంకర క్రషర్ కంట్రోల్ రూం. మధ్యాహ్నం. లోపల గడియ పెట్టి ఉంది. కుర్చీలో ఆపరేటరు, ఎదురుగా పెద్ద పానా పట్టుకుని అతని బావమరిది, అక్కడే ఫిట్టరు.

"ఏ వేలితో నొక్కావు బావా?"

"నొక్కింది నేనే అన్నాను కదా. ఇంక వేలితో పనేముంది?"

"ఉంది. చెయ్యి బల్ల మీద పెట్టు. ఎడమది కాదు, కుడిది."

"తలుపు బాదుతున్నారు. గడియ తియ్యరా."

"బాదనీ. చూపుడు వేలేనా? ఇదేనా?"

"అమ్మా... విరిగింది... విరిగిందిరా."

"ఒక్క వేలికే అమ్మా అంటున్నావు. నా తమ్ముడు ఎన్నిసార్లు అన్నాడో తెలుసా? బెల్టు ముందు చెయ్యి లాగింది, తర్వాత భుజం, తర్వాత తల. పొద్దున వాణ్ని గోనె పట్టాలోకి ఎత్తింది నేను. ముక్కలు ఏరింది నేను."

"చాలు. చెప్పకు."

"వింటావు. రాత్రి ఆపేసిన బెల్టులో ఇరుక్కున్న రాళ్లు తీస్తున్నాడు వాడు. నువ్వు తిప్పావు."

"వాడి కేక వాకీటాకీలో వినగానే తొమ్మిదో బెల్టుకి స్టాప్ నొక్కాను. నాలుగుసార్లు నొక్కాను. ఆగలేదు."

"ఎందుకాగలేదు?"

"ఏమో."

"పదేళ్లలో నీ నోట ఏమో అన్న మాట వినలేదు. ఎందుకాగలేదు?"

"కునుకు పట్టింది, అనుకో. ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కాను, అనుకో."

"అనుకోవడమేంటి? అక్క మొహం చూసి ఆగుతున్నాను గానీ, ఈ పానా నీ నెత్తిన పడాలి. జరుగు. ఏ బటను ఎప్పుడు నొక్కావో కంప్యూటర్లో ఉంటుంది."

"దాన్ని ముట్టుకోకు."

"జరగమన్నానా?"

"అది చూడకురా. కొట్టు. ఇదిగో, రెండో చెయ్యి కూడా పెట్టాను. కొట్టు."

"జరుగు... రాత్రి పది పన్నెండుకి ఐదో బెల్టు స్టార్ట్. పది పదమూడుకి తొమ్మిదో బెల్టు స్టాప్, స్టాప్, స్టాప్, స్టాప్. నువ్వు నొక్కింది ఐదు. సరిగ్గానే నొక్కావు."

"సరే, చూశావుగా. గడియ తియ్యి."

"మరి తొమ్మిది ఎందుకు తిరిగింది?"

"నాకు నొప్పిగా ఉందిరా. ఆసుపత్రికి పోదాం పద."

"ఆగు. ప్రతి బెల్టు మోటారుకీ ఓ కరెంటు డబ్బా ఉంటుంది. ఇక్కణ్ణుంచి కంప్యూటరు ఐదు అని పిలిస్తే, లోపల ఐదు నంబరు పెట్టిన డబ్బాయే బెల్టు తిప్పుతుంది. తొమ్మిది దగ్గరున్న డబ్బా తిప్పాలంటే..."

"ఏదో వైరు కలిసుంటుంది. వదిలెయ్."

"వైర్లు అలా కలవవు. ఆదివారం తొమ్మిది దగ్గర డబ్బా కాలిపోయింది. స్టోర్లో కొత్తది లేదు. ఐదు దగ్గర్నుంచి ఎప్పుడో ఊడదీసిన పాతది ఉంటే, అదే తెచ్చి బిగించాను."

"బిగించావు, అయిపోయింది. ఇంక మాట్లాడకు."

"డబ్బా మీద దీపం వెలిగింది. బెల్టు ఎలాగూ ఆపేసే ఉంది కదా, పరీక్ష తర్వాత చేద్దాంలే అనుకున్నాను. బావా... నేను అందులో ఐదు నంబరు తీసి తొమ్మిది పెట్టలేదు. అందుకే ఐదు అంటే తిరిగింది, తొమ్మిది ఆగమంటే వినలేదు."

"పొద్దున్నే వెళ్లి ఆ నంబరు నేను మార్చాను. అత్తయ్యకి కూడా నేనే చంపానని చెప్పి వచ్చాను. ఆవిడకి మిగిలిన కొడుకువి నువ్వొక్కడివే, నోరు మెదపకు."