పదింటి పరుగు

ఆసుపత్రిలో పేస్‌మేకర్లు పరీక్షించే గది. మంచం మీద పని మానేసిన దర్జీ, పక్క కుర్చీలో ఆయన భార్య, కంప్యూటర్ ముందు టెక్నీషియన్ అమ్మాయి.

“బాబాయిగారూ, మీరు రోజూ పరుగెడుతున్నారా?”

“పరుగా? ఈయనా? మంచినీళ్ళ గ్లాసు కూడా నేనే చేతికందించాలమ్మా.”

“మరి ఇందులో అలా లేదు పిన్నిగారూ. రోజూ సరిగ్గా పదింటికి గుండె వేగం నూటపదికి ఎక్కుతోంది. పన్నెండున్నర దాకా దిగట్లేదు. ఒక్క ఆదివారమే సెలవు.”

“ఆదివారం నేను ఇంట్లో ఉంటాను.”

“మిగతా రోజులు?”

“పదింటికి మా అక్క దగ్గరికి వెళ్తాను. అవునండీ, నేనటు వెళ్ళగానే ఎవరి వెంట పరుగెడుతున్నారు?”

“ఊరుకోవే! అమ్మాయ్, ఆ పెట్టెలో గడియారం తప్పేమో చూడు.”

“గడియారం భేషుగ్గా ఉంది. గుండె దడదడలాడుతోందని మీరు ఇక్కడికి వచ్చింది అందుకే. ఒళ్ళు కదిలితే పేస్‌మేకర్ వేగం పెంచుతుంది. అదురు తగిలినా సరే, మనిషి పరుగెడుతున్నాడనుకుంటుంది. ఛాతీ అదిరే పని ఏమన్నా చేస్తున్నారా?”

“పేపర్ చదువుతాను.”

“పేపర్ చదివితే ఛాతీ అదురుతుందా?”

“వార్తలు అలా ఉన్నాయి మరి.”

“ఏ కళ్ళతో చదువుతున్నారండీ? కళ్ళజోడు పెట్టుకున్నా పెద్దక్షరాలే కనపడవుగా!”

“నువ్వు కాసేపు...”

“బాబాయిగారూ, నిజం చెప్పకపోతే ఈ సెట్టింగే ఆపెయ్యాల్సొస్తుంది. అప్పుడు మెట్లెక్కినా వేగం పెరగదు. ఆయాసపడతారు.”

“ఆపకు, ఆపకు! కుట్టు... కుట్టుమిషన్. తొక్కుడు మిషన్. బల్లకి ఛాతీ ఆనించి కుట్టడం నాకలవాటు.”

“ముట్టుకోనని నా నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేశారు!”

“వేశాను. ఏం చెయ్యమంటావు? నలభై ఏళ్ళు కుట్టినవాణ్ణి గోడలు చూస్తూ కూర్చోమంటే బతికున్నట్టే లేదే నాకు. అమ్మాయ్, అదీ మానెయ్యమంటావా?”

“మానక్కర్లేదు. పరుగో కాదో తేల్చుకోవడానికి ఇది ఇప్పుడు పది సెకన్లే ఆగుతోంది. డాక్టరుగారికి చూపించి ముప్పై చేస్తాను. చిన్న చిన్న అదుర్లు పట్టించుకోవద్దని కూడా దీనికి చెప్తాను. మీరు మాత్రం బల్లకి ఆనకుండా కూర్చోవాలి. ఇక పిన్నిగారు ఒప్పుకోవడమే తరువాయి.”

“ఒప్పుకోదు. ఇంటికెళ్ళగానే మిషన్‌కి తాళం వేసేస్తుంది. నువ్వే నచ్చజెప్పు తల్లీ. దీని కంటపడకుండా ఆరు నెలలు ఎలా నెట్టుకొచ్చానో నాకే తెలుసు.”

“పిన్నిగారూ, ఏమంటారు? నవ్వుతున్నారేంటి?”

“కంటపడకుండానట! ఏవండీ, సూది బెజ్జం కనపడని మనిషికి రోజూ పదింటికల్లా దారం ఎక్కించి పెట్టి వెళ్తున్నది ఎవరనుకున్నారు?”