ఎదురు గుమ్మంలో పుట్టిల్లు

ఆ ఎదురు తలుపు సంగతా? చెప్తాలేవే, ముందా గింజల గిన్నె ఇటు జరుపు. ఇప్పుడెవరో కుర్రజంట ఉంటున్నారు గానీ, మా రోజుల్లో అది తాంగ్ పెద్దమ్మ ఇల్లు. నా పుట్టిల్లు. నవ్వకే సమీక్షా, నిజంగానే! మీ తాతయ్య అక్కడ ఖాట్మండూలో కూర్చుని, ‘చైనావాణ్ణి చేసుకుంటే నా గడప తొక్కొద్దు’ అని కబురు చేశాడు. మా తమ్ముడు, అదే మీ నాన్నేమో, అప్పటికి నిక్కర్లేసుకు తిరుగుతున్నాడు, నా తరఫున మాట్లాడేదెవరు? ఇక్కడేమో పెళ్ళికొడుకు పిల్ల ఇంటికొచ్చి తీసుకెళ్ళాలి. నాకు ఇల్లేదీ? ఉన్నదల్లా హాస్టల్ మంచం. కాబోయే అత్తగారు రోజూ అదే పాట, ‘వెనకాల ఎవరూ లేని పిల్ల, వెనకాల ఎవరూ లేని పిల్ల’ అని. ఎదురు తలుపే కదా, తాంగ్ పెద్దమ్మ విన్నది. ట్రాములో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి, గొంతు విప్పితే వీధి చివరికి వినబడేది. ‘మా ఇంట్లోంచి తీసుకెళ్ళండి!’ అంది. ఎదురింట్లోంచి ఎదురింటికా, విడ్డూరం కాకపోతే! మీ మావయ్య నన్ను సైకిలెక్కించుకుని పేటంతా తిప్పి, మళ్ళీ ఇదే మెట్లెక్కాడు.

అంతకు ముందు పెద్దమ్మ తలుపడ్డంగా నిలబడింది, చూడాలి! దారి వదలమని ఈయన డబ్బులు పెట్టిన ఎర్ర కవరిస్తే చేత్తో తోసేసింది. ‘పిల్ల ఇంటి మీద బెంగపెట్టుకుంటే ఏం చేస్తావోయ్?’ అంది. ‘సినిమాకి తీసుకెళ్తా’ అన్నాడీయన. ‘మొద్దూ! నా తలుపు కొట్టు’ అంది. ఆ, ఇంకోటి, ఇక్కడ కూతురు గడప దాటగానే వెనకాల గిన్నెడు నీళ్ళు పారబోస్తారు, ఇక తిరిగి రాకూడదని. మా అత్తగారు కనిపెట్టుకుని చూస్తోంది. పెద్దమ్మ గిన్నె పట్టుకొచ్చింది, నా మొహం చూసింది, లోపలికెళ్ళి ఆ నీళ్ళతో ముల్లంగులు కడుక్కుంది! ‘అపశకునం! రేపే తిరిగొస్తుంది!’ అని అత్తగారు లబోదిబోమంది. ‘రానీ, నా కూతురు’ అంది పెద్దమ్మ.

వెళ్ళానే, వెళ్ళకేం. మన గుంద్రుక్ ఉంది చూశావూ, ఆకుకూర పులియబెట్టి బాల్కనీలో ఎండేస్తే, కుళ్ళిపోయిందని అత్తగారు చెత్తలో పోసేసింది. వాళ్ళ జాడీల్లో పులిసే క్యాబేజీది వాసన కాదా? ఈయన ఆవిణ్ణేమీ అనకపోగా పకపకా నవ్వాడు. ఒళ్ళు మండి సంచీ సర్దాను. ఎక్కడికెళ్ళాలో తెలియక ఇదిగో, ఈ రెండు తలుపుల మధ్య నిలబడి ఏడ్చాను. విమానం టిక్కెట్టు కొనుక్కునే తాహతు లేదు, కొనుక్కున్నా తలుపు తీసేవాళ్ళు లేరు. ఇంతలో పెద్దమ్మ తలుపు తీసింది. ఏమైందని అడగలేదు, గొడవంతా తలుపవతల్నుంచే విన్నట్టుంది. ‘చెప్పులు మార్చుకో, నేల ఇప్పుడే తుడిచా’ అంది, అంతే. నూడుల్స్ పెట్టింది, తిన్నాను, ఆవిడ మంచం మీదే పడి నిద్రపోయాను. చైనా వచ్చాక అంత ఒళ్ళెరగని నిద్ర అదే. మీ మావయ్య వచ్చి తలుపు కొడితే, ‘పడుకుంది, సాయంత్రం రా. వచ్చేటప్పుడు మీ అమ్మను కూడా తీసుకురా, ఆ పారబోసిన కూర ఎలా చేయాలో పిల్ల దగ్గర నేర్చుకుంటుంది’ అని పంపేసింది. అత్తగారు వచ్చిందే! మొహం ఇంత చేసుకుని వచ్చింది, కానీ వచ్చింది.

సాయంత్రం వాళ్ళ వెంటే వెళ్ళిపోయాను. బతిమాలారని కాదు. మళ్ళీ కావాలంటే రావచ్చు కదా, ఇక భయమెందుకు అనిపించింది. గుండె మీంచి బండ దించినట్టయింది. ఎన్నేళ్ళు కాపురం చేశానో, ఆ ధీమాతోనే చేశాను. మీ తాతయ్య ఆ తర్వాత మనసు మార్చుకున్నాడనుకో, అయినా ‘మీ పుట్టిల్లెక్కడ’ అని ఎవరన్నా అడిగితే నా చెయ్యి ముందు ఆ తలుపు వైపే...

సరే, ఆ కిటికీ మూసెయ్, చలి కొడుతోంది.