వేలితో వేసిన తలుపు

కారు వెనక తలుపు తెరిచి ఉంది. మామగారు దాన్ని కింది నుంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. కోడలు పానా పట్టుకుని బందుల దగ్గర కూర్చుంది. పాప పక్కనే బుట్టలో నిద్రపోతోంది.

"ఇన్నాళ్ళూ తాళం కొక్కేన్నే అటూ ఇటూ జరిపాం మామయ్యా. అయినా బాదితే తప్ప తలుపు పడేది కాదు. ఆ చప్పుడికి పాప లేచి దారంతా ఏడుపే."

"కొక్కెం ఏం చేసిందమ్మా పాపం! తలుపే కుంగింది. చూడు, పైన సందులో వేలు దూరుతోంది, కింద గోరు కూడా దూరదు."

"మీ అబ్బాయి మెకానిక్ షెడ్డుకి తోలేద్దామంటున్నారు. మన వల్ల కాదట."

"పాలసీసా మూత తిప్పడం రాదు వాడికి. బోల్టులు వదులు చేశావా?"

"చేశాను. ఎత్తండి. ఇంకొంచెం... ఇంకాస్త... చాలు, చాలు! పైనా కిందా ఒక్కలాగే ఉంది."

"అయితే బిగించు తల్లీ, నా నడుం పట్టెయ్యకముందే."

"బిగించేశాను. వదిలెయ్యండి."

"ఇప్పుడు పాపని లోపల పెట్టి తలుపెయ్యి. బాదకు. వేలితో నెట్టు."

కోడలు బుట్టను సీట్లో పెట్టి, తలుపును ఒక్క వేలితో నెట్టింది.

"పడలేదు మామయ్యా. చప్పుడే రాలేదు."

"లాగి చూడు."

"రావట్లేదు... అమ్మో, పడింది! తలుపు పడింది మామయ్యా!"

"పాప?"

"రెప్ప కూడా కదపలేదు."

"మరేమనుకున్నావ్! మనమంటే మాటలా?"

"మీ అబ్బాయి ఇంటి కిటికీలోంచి కేకేస్తున్నారు, ఇంకా తలుపు వెయ్యలేదేంటని."

"ఎప్పుడో వేసేశామని చెప్పు. దగ్గరికెళ్ళి చెవిలో చెప్పు, పాప లేస్తుంది."