కుర్చీ దిగని సారు

కామారెడ్డి–ఎల్లారెడ్డి రోడ్డు పక్కనున్న ఆ కొత్త యూనివర్సిటీకి రిజిస్ట్రార్లు ఇద్దరు, కుర్చీ మాత్రం ఒక్కటే. వీసీ తన మనిషి శైలేందర్‌ను వేసుకుంటే, వీసీ అంటే మండిపడే పాలకమండలి సిద్దార్థను వేసింది. పొద్దున్నే ముందుగా వచ్చి కుర్చీ పట్టిన ఘనుడు శైలేందర్. మధ్యాహ్నం దాటాక అటెండర్ నజ్మా చాయ్‌తో లోపలికి వచ్చింది.

“గొళ్లెం పెట్టినవా?”

“పెట్టిన సార్. చాయ్ తాగుండ్రి.”

“వద్దు. తాగితె మల్ల బాత్రూంకు పోవాలె.”

“పోయి రారాదుండ్రి? వరండ చివర్నే గద.”

“నేనిట్ల లేస్తె ఆ సిద్దార్థ గాడట్ల వచ్చి కూసుంటడు! పోనీ, నేను వచ్చేదాక నువ్వు కూసో... వద్దు, వద్దు. ఎవడన్న ఫోటో దీస్తడు.”

“నాకెందుకు సార్ గా కుర్చీ.”

“బయట ఎవరున్నరు?”

“చాన మంది ఉన్నరు సార్. రిజిస్ట్రార్ ఎవరని అడుగుతున్నరు.”

“సూసినవా! సిద్దార్థ గాడు మందినేసుకొని వచ్చి నన్నే ఎకసక్కాలాడుతున్నడు! పో, కిటికీ కాడికి పోయి చెప్పు. గట్టిగ చెప్పు.”

“ఓ సార్లూ! రిజిస్ట్రార్ శైలేందర్ సారే! లోపలనే ఉన్నడు!”

“శెభాష్.”

“సార్, గీ కాయితం మీద జర సంతకం పెట్టుండ్రి. ఆడపిల్లల హాస్టల్ మోటర్ కాలి నెల దాటింది. మా బిడ్డ హుమేరా గూడ ఆన్నే ఉంటది. ట్యాంకర్ కాడ బకెట్లు పట్టుకొని కొట్లాడుకుంటున్నరు పిల్లలు.”

“బడ్జెట్ లేదు.”

“మరి పొద్దటి సంది సంతకాలు పెడ్తనే ఉన్నరు గద?”

“అవి... అవి వేరే.”

“వేరే అంటె?”

“వీసీ సార్ బంగ్ల బిల్లులు. సోఫాలు, పరదాలు... నీకెందుకే అవన్ని?”

“బంగ్లల సార్ ఉంటెగద! హైదరాబాద్ నుంచి ఎప్పుడో ఓపారి వచ్చి పోతడు.”

“వచ్చినప్పుడు కూసోవద్దా?”

“కూసోవాలె సార్. ఆయన కూసోనీకె సోఫాలు రావాలె, పిల్లలు తానం జెయ్యనీకె నీళ్లు రావద్దు. నాకు కడుపు మండుతున్నది సార్, ఏమన్న అనుకోండ్రి.”

“ఏయ్, ఎక్కువ మాట్లాడకు. ఔట్‌సోర్సింగ్ దానివి. రమ్మంటె వస్తవ్, వద్దంటె పోతవ్.”

“మీరు గూడ గంతే గద సార్.”

“ఏమన్నవ్?”

“చాయ్ సల్లగైతున్నది అన్న సార్.”

“సరె గని, ఇయ్యాల వస్తనన్న వీసీ సార్ ఖబర్ ఏమన్న తెలిసిందా?”

“ఫోన్ జూసుకోరాదుండ్రి?”

“ఫోన్ ఎందుకు బంద్ పెట్టిన అనుకున్నవ్? ఆన్ చేస్తె నన్ను తీసేసినట్టు పాలకమండలోళ్లు ఆర్డరు పంపుతరు. నేను చూడకుంటె అది నాకు అందనట్టే. బుర్ర ఉండాలె నజ్మా, బుర్ర! ఊకెనే ప్రొఫెసర్లు అయితరా?”

“అవ్ సార్. వీసీ సారైతె భిక్నూర్ దాటలేదంట. ధాబా కాడనే ఆగిండంట.”

“తింటున్నడు. ఆ ధాబా మటన్ అంటె పానం ఆయనకు.”

“ఒక్కడే లేడంట. సోఫాల కాంట్రాక్టర్ గూడ ఉన్నడంట.”

“ఉంటడు, ఉంటడు. నువ్వు కుర్చీ ఇడ్వకు శైలేందర్, ఏమొచ్చినా నేను చూసుకుంట అన్నడు. మాటంటె మాటే ఆయనది... ఎవడాడు, తలుపు కొడుతున్నది?”

“కొట్టనీయుండ్రి సార్.”

“కొట్టనీ! సిద్దార్థ గాని చెయ్యి వాయనీ!”

“సిద్దార్థ సార్ లేడు సార్.”

“లేడా? ఎటు పోయిండు?”

“మధ్యాన్నం దాక బెంచి మీదనే ఉండె. ఫోన్ రాంగనె లేసి, నేను రిజిస్ట్రార్ గాదు, రిజిస్ట్రార్ గాదు అనుకుంట కారు ఈడనే ఇడిసిపెట్టి ఎల్లారెడ్డి బస్సెక్కిండు.”

“ఉరికిండా! చూసినవా నా దెబ్బ! కారు గూడ ఇడిసిపెట్టిండా! ఇగ ఈ యూనివర్సిటీకి రిజిస్ట్రార్ ఎవరు? చెప్పు, ఎవరు?”

“మీరే సార్. మరి మోటర్ కాయితం...”

“ఇటియ్! బడ్జెట్ లేకపోతె లేకపోనీ. నేను పెడ్తె సంతకం, అడిగేటోడెవడు? ఇగో!”

“ముద్ర గూడ సార్.”

“ముద్ర గూడ. ఖుషేనా?”

“ఖుష్ సార్. అల్లా మిమ్ముల సల్లగ సూడాలె.”

“మరి తలుపు కొడుతున్నదెవరే?”

“విజిలెన్సోళ్లు సార్. ధాబా కాడ వీసీ సార్ కారుల పైసల సంచి దొరికిందంట. ‘నాకేం తెల్వదు, సంతకాలన్ని రిజిస్ట్రార్‌వే’ అన్నడంట ఆయన.”

“నజ్మా... నజ్మా, రిజిస్ట్రార్ లేడని చెప్పు. నేను ఊకె... ఊకె వచ్చి కూసున్న...”

“గట్టిగ చెప్పమంటిరి, ఆళ్లకే చెప్తి గద సార్. గొళ్లెం దీస్తున్న. ఇగ బేఫికర్‌గ బాత్రూంకు పోయి రాండ్రి. ఆ కుర్చీల ఇప్పుడు ఎవ్వరు కూసోరు.”